తోపుడు బండి మీద బల్బు – మా సంఘం చేస్తున్న పని
(సమాఖ్య మహాజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సంవత్సరం లెక్కల పుస్తకంలో మా సంఘం పేరు పక్కన "బల్బుల పని" అని ఒక్క లైను రాసి ఉంది. అది చూసి చాలామంది "మీరు బల్బుల ఫ్యాక్టరీ పెట్టినారంట కదా" అని అడుగుతున్నారు. ఫ్యాక్టరీ ఏమీ లేదమ్మా. ఒక బల్ల, రెండు సోల్డరింగ్ ఐరన్లు, ఒక మల్టీమీటరు, ఒక పాత బ్యాటరీ. అంతే. ఆ బల్ల మీద ఏం చేస్తున్నాం, ఎందుకు చేస్తున్నాం, ఏం చేయకూడదు అనుకున్నాం, ఈ మూడూ చెప్పమని అధ్యక్షురాలు అడిగారు. మూడోది కొంచెం గట్టిగానే చెప్తాం, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

మా సంఘంలో పన్నెండు మందిమి. అందులో ఐదుగురు సాయంత్రం బస్టాండు దగ్గర బండి పెడతారు. బజ్జీల బండ్లు రెండు, బొరుగుల మిక్చర్ ఒకటి, పూల బండి ఒకటి, ఉడకబెట్టిన శనక్కాయలు ఒకటి. బండికి కరెంటు మీటరు ఉండదు. స్తంభానికి కొక్కెం వేయడం తప్పు, పైగా ప్రాణానికే ముప్పు. అందుకని అందరూ ఒక బ్యాటరీ పెట్టుకుని, దానికి స్కూటరు ఇండికేటర్లో వేసే ఇత్తడి క్యాపు బల్బు తగిలిస్తారు. పన్నెండు వోల్టులు, 21 వాట్ల బల్బు అది. మెకానిక్ షాపులో ఎక్కడైనా దొరుకుతుంది, వెలుతురు కూడా బాగానే ఉంటుంది. చిక్కంతా బ్యాటరీతోనే.

లెక్క చూడండి. 21 వాట్లను 12 వోల్టులతో భాగిస్తే 1.75 ఆంపియర్లు. బండ్ల మీద వాడే చిన్న బ్యాటరీ మీద 7 ఏహెచ్ అని రాసి ఉంటుంది. అంటే కాగితం మీద నాలుగు గంటలు వెలగాలి. కానీ ఒక్కసారిగా అంత కరెంటు లాగితే బ్యాటరీ తన మీద రాసిన ఏడూ ఇవ్వదు. మూడు గంటలు వచ్చేసరికే బల్బు ఎర్రబడుతుంది. ఆరున్నరకు వెలిగిస్తే తొమ్మిదిన్నర లోపలే చీకటి. బస్టాండు దగ్గర అసలు బేరం ఎనిమిది తర్వాత, రాత్రి బస్సులు ఎక్కేవాళ్లు వచ్చినప్పుడు. సరిగ్గా ఆ టైములో బండి మీద చిల్లర ఏదో, నోటు ఏదో కనపడదు. చీకట్లో బజ్జీ ఎవరు కొంటారు? నూనె ఎంత మంచిదైనా చీకట్లో నల్లగానే కనిపిస్తుంది.

దీనికంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఈ రకం బ్యాటరీని పూర్తిగా పిండేస్తే అది తొందరగా చచ్చిపోతుంది. రోజూ అడుగు దాకా దించి, రోజూ ఛార్జింగుకు పెడితే సంవత్సరం కూడా రాదు. కొత్తది దాదాపు వెయ్యి రూపాయలు. ఛార్జింగ్ షాపులో రోజుకు ఇరవై రూపాయలు, నెలకు ఆరు వందలు. మా పూల బండి వదిన ఒకసారి లెక్క వేసి, "నేను పూలు అమ్మి బ్యాటరీకి పెడుతున్నా" అంది. అంతర్గత అప్పు తీసుకుని బ్యాటరీ కొన్నవాళ్లు మాలోనే ఇద్దరున్నారు. ఆ అప్పు తీరకముందే బ్యాటరీ పోయింది. మా సంఘంలో వాయిదా బకాయి పడింది కూడా అక్కడే.

ఆ బల్బు అంత కరెంటు ఎందుకు తింటుంది? వెలుగుతున్నప్పుడు దగ్గర చెయ్యి పెడితే తెలుస్తుంది. లోపలి సన్నని తీగ కాలి ఎర్రబడితేనే వెలుతురు వస్తుంది, కాబట్టి మనం పోసిన కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది. మనకు కావలసింది వెలుతురు, డబ్బు కడుతున్నది వేడికి. ఎల్.ఈ.డి.లో తీగ లేదు, కాలేది లేదు. అందులో చిన్న చిప్పు ఉంటుంది, దాని గుండా కరెంటు పోతే నేరుగా వెలుతురు వస్తుంది. తెల్ల ఎల్.ఈ.డి.ని దగ్గరగా చూస్తే లోపల పసుపు చుక్క కనపడుతుంది చూడండి. చిప్పు ఇచ్చేది నీలం వెలుతురు. దాని మీద పూసిన పసుపు పొడి గుండా వచ్చేసరికి మన కంటికి తెల్లగా కనపడుతుంది. ఆ నీలం వెలుతురు రాబట్టడానికే ఏళ్ల తరబడి తిప్పలు పడ్డారు. దాన్ని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. వాళ్లలో నకమురా ఆ పని చేసినది జపాన్లో ఒక చిన్న ఊరి కంపెనీలో. చిన్న ఊరు అంటే మాకు అభిమానం కాబట్టి ఈ ముక్క చెప్తున్నాం.

ఇప్పుడు బల్బు ఎలా చేస్తామో చెప్తాం. మాడిపోయిన స్కూటరు బల్బులు మెకానిక్ షాపుల్లో ఊరికే ఇస్తారు. బల్బును తడి గుడ్డలో చుట్టి, కటింగ్ ప్లేయరుతో గాజును మెల్లగా నలిపితే ముక్కలు ఎగరకుండా గుడ్డలోనే ఉంటాయి. కళ్లకు అద్దాలు పెట్టుకునే చేయాలి. క్యాపు లోపల ఉన్న గట్టి జిగురును గీకేస్తే ఖాళీ ఇత్తడి క్యాపు మిగులుతుంది. అడుగున ఉన్న సీసం చుక్క ప్లస్, క్యాపు ఒళ్లు మైనస్. క్యాపు అదే కాబట్టి బండి మీదున్న పాత హోల్డరు మార్చనక్కర్లేదు. ఆ ఒక్క సుఖం కోసమే ఈ క్యాపులతో ఇంత తంటాలు.

తెల్ల ఎల్.ఈ.డి. ఒక్కటి వెలగడానికి సుమారు మూడు వోల్టులు కావాలి. నేరుగా పన్నెండు వోల్టులు ఇస్తే ఒక్క క్షణంలో పోతుంది. మూడింటిని వరసగా కలిపితే తొమ్మిది, తొమ్మిదిన్నర వోల్టులు అవుతాయి. మిగిలిన వోల్టులను రెసిస్టరు మీద వదలాలి. పదో తరగతిలో ఓమ్ నియమం అని చదివాం, పరీక్ష రాసి మరిచిపోయాం. ఇన్నేళ్లకు అది పనికొచ్చింది. నిండా ఛార్జింగ్ ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు ఉంటుంది. అందులో ఎల్.ఈ.డి.లకు 9.3, వెనక్కి కరెంటు పోకుండా వేసే డయోడుకు 0.7 తీసేస్తే 2.6 మిగులుతుంది. ఈ చిన్న ఎల్.ఈ.డి.లను 20 మిల్లీ ఆంపియర్ల లోపల ఉంచాలి. 180 ఓముల రెసిస్టరు వేస్తే 14 మిల్లీ ఆంపియర్ల దాకా పోతుంది. "ఇరవై ఇవ్వచ్చు కదా, ఇంకా బాగా వెలుగుతుంది" అని మా వాళ్లే అన్నారు. ఇవ్వచ్చు. కానీ బండి ఇంటికి పోయాక బ్యాటరీని ఛార్జింగుకు పెట్టి బల్బు ఆర్పడం మర్చిపోతే వోల్టేజి 14 దాటుతుంది. అప్పుడు కూడా బతకాలంటే ముందే కొంచెం తక్కువలో పెట్టుకోవాలి. 180 ఓముల రెసిస్టరు మీద గోధుమ, బూడిద, గోధుమ రంగు గీతలు, చివర బంగారు రంగు గీత ఉంటాయి. మా సంఘంలో చదువు రాని పిన్నమ్మ ఒకామె ఉంది. రంగులు చూసి రెసిస్టర్లు ఏరడంలో ఆమెను మించినవాళ్లు లేరు. మేమింకా మీటరు తీసేలోపే ఆమె కుప్పలు పెట్టేస్తుంది.

మూడు ఎల్.ఈ.డి.లు, ఒక రెసిస్టరు కలిపితే ఒక వరస. అలాంటి నాలుగు వరసలు కలిపి ఒక గుండ్రటి చిల్లుల బోర్డు మీద అతికిస్తే చిన్న బల్బు. ఎల్.ఈ.డి.కి పొడుగు కాలు ప్లస్, పొట్టి కాలు మైనస్. తిరగేసి పెడితే ఆ వరస వెలగదు. ఈ చిన్న బల్బు పూల బండికి, శనక్కాయల గంపకు, గల్లాపెట్టెకు సరిపోతుంది. బజ్జీల మూకుడుకు మాత్రం చాలదు. మరిగే నూనె దగ్గర మసక వెలుతురు పెట్టడం ప్రమాదం, అది మేం ఎవరికీ ఇవ్వం.

మూకుడు దగ్గరకు పెద్ద బల్బు వేరే. అందులో ఒక్కొక్క వాటు ఎల్.ఈ.డి.లు మూడు, 12 ఓముల సిమెంటు రెసిస్టరు, ఒక డయోడు. కరెంటు 0.2 ఆంపియరు దాకా తీసుకుంటుంది. 21 వాట్ల బల్బు తీసుకునే దాంట్లో ఇది ఎనిమిదో వంతు. ఈ ఎల్.ఈ.డి.లకు కూడా వేడి వస్తుంది. పాత బల్బంత కాదు గానీ, ఆ వేడి పోవడానికి దారి లేకపోతే చిప్పు మాడిపోతుంది. అందుకని అల్యూమినియం ముక్క మీద తెల్ల పేస్టు రాసి బిగిస్తాం. కిటికీలు, తలుపులు చేసే అల్యూమినియం షాపులో కోసి పారేసిన ముక్కలు తూకానికి ఇస్తారు. పది నిమిషాలు వెలిగించి ఆ ముక్కను చేత్తో పట్టుకోవాలి. పట్టుకోలేకపోతున్నాం అంటే ముక్క చిన్నదని లెక్క, ఇంకొంచెం పెద్దది వేస్తాం.

ఒక విషయం జాగ్రత్త. ఇళ్లలో పాడైన తొమ్మిది వాట్ల బల్బులు విప్పి, అందులోని చిప్పులు పీకి వాడుకోవచ్చు కదా అని కొందరు అడుగుతున్నారు. వాటిలో చాలా చిప్పులకు మూడు వోల్టులు చాలవు. ఒక్కో చిప్పులోనే రెండు మూడు కలిసి ఉంటాయి, తొమ్మిది వోల్టులు అడిగేవి కూడా ఉన్నాయి. మీటరుతో చూడకుండా కలిపితే వెలగవు. విడి ఎల్.ఈ.డి.లు చవకే. మేం బెంగళూరు ఎస్.పి. రోడ్డులో ఒకేసారి తెచ్చుకుంటున్నాం. హైదరాబాదు వైపు వాళ్లకు కోఠి గుజరాతీ గల్లీ ఉంది.

చివరగా, బండి అంటే కుదుపులు. గుంతల్లో తోసుకుంటూ పోవాలి. ఒంటి తీగ అయితే నాలుగు రోజులకు తెగిపోతుంది, అందుకని పోగుల తీగే వాడతాం. అతుకుల మీద వేడి జిగురు పోస్తాం. నూనె ఆవిరి, వాన చినుకు లోపలికి పోకుండా పైన పారదర్శకమైన ప్లాస్టిక్ మూత పెడతాం. బ్యాటరీ దగ్గర ప్లస్ తీగలో రెండు ఆంపియర్ల ఫ్యూజు తప్పకుండా వేస్తాం. పన్నెండు వోల్టులు షాక్ కొట్టవు కదా అని అనుకుంటారు. షాక్ కొట్టదు, కానీ తీగలు కలిసిపోతే బ్యాటరీ తీగనే కాల్చేస్తుంది. పక్కనే గ్యాసు సిలిండరు ఉంటుంది. ఫ్యూజు వేయనివ్వకపోతే బల్బు అమ్మం.

ఖర్చు చెప్తాం. చిన్న బల్బుకు మాకు పాతిక రూపాయలు పడుతుంది, నలభై ఐదుకు ఇస్తాం. పెద్దదానికి యాభై పడుతుంది, ఎనభై ఐదుకు ఇస్తాం. చిన్నదానిలో పదిహేను, పెద్దదానిలో పాతిక చేసినవాళ్లకు కూలి. మిగిలినది సంఘం ఖాతాలో. చేయి తిరిగినవాళ్లు సాయంత్రం ఖాళీలో మూడు నాలుగు చేస్తారు. దీనితో ఎవరూ మేడలు కట్టరు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాం. బజారులో పన్నెండు వోల్టుల ఎల్.ఈ.డి. బల్బులు దొరకవా అంటే దొరుకుతాయి, కొన్ని బాగానే ఉంటాయి కూడా. అవి పోతే పారేయడమే. మాది పోతే బల్ల మీదకు తెస్తే ఏ వరస పోయిందో చూసి ఐదు రూపాయలకు బాగు చేసి ఇస్తాం. ఆరు నెలల లోపల అయితే అదీ తీసుకోం.

అసలు లాభం బల్బు అమ్మకంలో లేదు, బండి దగ్గర ఉంది. ముందు రోజూ ఛార్జింగుకు ఇరవై పెట్టిన బజ్జీల అక్క ఇప్పుడు ఐదు రోజులకు ఒకసారి పెడుతోంది. నెలకు ఆరు వందలు పోయేచోట నూట ఇరవై పోతోంది. బ్యాటరీ అడుగుకు దిగక ముందే వెలుతురు బాగా తగ్గి ఛార్జింగుకు పెట్టమని తనే చెప్తుంది. అప్పుడు ఆపేస్తే బ్యాటరీ కూడా మన్నుతుంది. రాత్రి చివరి బస్సు దాకా బండి వెలుగుతోంది. పొలానికి నీళ్లు కట్టడానికి రాత్రిళ్లు పోయే రైతులు మందు కొట్టే పంపు బ్యాటరీకి తగిలించుకుంటామని చిన్న బల్బులు అడుగుతున్నారు. వాళ్లకూ ఇస్తున్నాం. గట్ల మీద పాములుంటాయి కదా.

ఇప్పుడు మేం వద్దనుకున్న పని గురించి.

ఈ బల్ల పని నడుస్తోందని తెలిసి ఒక కంపెనీ ఏజెంటు మా గ్రామ సంఘం మీటింగుకు వచ్చాడు. ఇళ్లలో వాడే 230 వోల్టుల తొమ్మిది వాట్ల బల్బులు చేసే మిషన్లు ఇస్తాం, సామాను మేమే పంపుతాం, చేసిన బల్బులన్నీ మేమే కొంటాం, సంఘానికి మూడు లక్షలు లోను పెట్టుకోండి చాలు అన్నాడు. రంగుల కాగితాలు చూపించాడు. ఆ రోజు చాలామందికి మనసు లాగింది, అందులో తప్పేం లేదు. ఇంట్లో కూర్చుని నెలకు ఇంత వస్తుందంటే ఎవరికి చేదు?

మేం రెండు వారాలు గడువు అడిగి, కాగితాలు తెచ్చుకుని చదివాం. చదవడం వచ్చిన నలుగురం ఒక్కో పేజీ గట్టిగా చదివితే మిగతావాళ్లు విన్నారు. బల్బులన్నీ కొంటాం అన్న మాట కింద "నాణ్యత ఉన్నవి మాత్రమే" అని ఉంది. నాణ్యత ఉందో లేదో చెప్పేది కంపెనీయే. వద్దన్న బల్బులు ఎవరివి? మనవి. లోను ఎవరిది? మనది. సామాను వాళ్ల దగ్గరే, వాళ్లు చెప్పిన ధరకే కొనాలి. ఆ ధర పెంచితే ఏమిటన్నది ఎక్కడా రాయలేదు.

రెండోది చట్టం. ఇళ్లలో వాడే 230 వోల్టుల ఎల్.ఈ.డి. బల్బు చేసి అమ్మాలంటే బి.ఐ.ఎస్. రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఐ.ఎస్. 16102 అనే ప్రమాణం ప్రకారం ల్యాబులో పరీక్ష చేయించాలి. తయారుచేసే చోటు పేరు మీద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఏజెంటును అడిగితే "అవన్నీ తర్వాత చూసుకుందాం" అన్నాడు. తర్వాత చూసుకునేది కాదు అది. ఎవరింట్లోనైనా మనం చేసిన బల్బు వల్ల షాక్ కొడితే, ముందు అడిగేది ఆ నంబరే.

ఆ పెద్ద బల్బు లోపల ఏముంటుందో కూడా తెలుసుకోవాలి. చవక రకాల్లో ఎల్.ఈ.డి. ప్లేటు దాకా 230 వోల్టుల లైనుతో సంబంధం ఉంటుంది. పైన ప్లాస్టిక్ బుడ్డి తీసి, ప్లేటు ముట్టుకుంటే స్తంభం తీగ ముట్టుకున్నట్టే. ఆర్పేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది. అందుకే మా బల్ల మీద 230 వోల్టుల బల్బు విప్పడం నిషేధం అని బోర్డు రాసి పెట్టాం. బాగు చేయించుకోవాలంటే నేర్చుకున్న ఎలక్ట్రీషియన్ దగ్గరకే పోండి. పిల్లలు ఫోనులో వీడియో చూసి విప్పుతున్నారు. ఇంటికి పోయి ఈ మాట వాళ్లకూ చెప్పండి.

మూడోది బజారు. 2015 జనవరి 5న కేంద్రం ఉజాలా పథకం మొదలుపెట్టాక లక్షలు, కోట్ల లెక్కన బల్బులు ఒకేసారి కొని తక్కువ ధరకు పంచారు. ధరలు బాగా పడిపోయాయి. పెద్ద కంపెనీ గ్యారంటీతో ఇచ్చే బల్బు పక్కన మన చేతి బల్బు పెడితే, ధరలో గెలవం, గ్యారంటీలో గెలవం. పన్నెండు వోల్టుల బండి బల్బు మాత్రం మనూరి బస్టాండులో, మన కళ్లెదుట వాడేది. పోతే మన దగ్గరకే వస్తుంది. ఎవరికి ఏం కావాలో మనకు తెలుసు.

ఇంత విన్నాక కూడా "మీరు భయపడుతున్నారు, ఎదగనివ్వడం లేదు" అని అన్నవాళ్లున్నారు. ఉండనీ. మూడు లక్షల లోను అంటే పన్నెండు మంది పొదుపు పుస్తకాల మీద పడే బరువు. లింకేజి లోను తీసుకుని గేదె కొన్న అక్క ఇక్కడే ఉంది, అది మంచి లోను. పాలు ఎవరు పోయించుకుంటారో ఆమెకు ముందే తెలుసు. బల్బులు ఎవరు కొంటారో కాగితం చెప్పలేదు. మా సంఘం తీర్మాన పుస్తకంలో పన్నెండు మందీ సంతకాలు పెట్టి ఆ లోను వద్దన్నాం. ఒక వేలిముద్ర కూడా ఉంది, అది మా రెసిస్టర్ల పిన్నమ్మది. "సామాను వాడిది, ధర వాడిది, మాట వాడిది, అప్పు మాత్రం నాదా" అని అందరికంటే ముందు అడిగింది ఆమే.

బల్ల దగ్గర కూర్చునేవాళ్లకు రెండు మాటలు. సోల్డరింగ్ సీసంలో నిజంగా సీసమే ఉంటుంది. పొగ ముఖానికి తగలకుండా కిటికీ పక్కన కూర్చోవాలి, ఫ్యాను గాలి పొగను అవతలికి తోసేటట్టు పెట్టుకోవాలి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగకుండా అన్నం తినకూడదు, పిల్లలను ఎత్తుకోకూడదు. గర్భిణులను, పాలిచ్చే తల్లులను ఈ పనికి కూర్చోబెట్టం. వాళ్లకు లెక్కలు, ప్యాకింగు ఇస్తాం, కూలి అంతే. వంట గదిలో ఈ పని అసలు చేయకూడదు. ఇదంతా బోర్డు మీద కూడా ఉంది, కానీ బోర్డు ఎవరు చదువుతారు, అందుకే నోటితో చెప్తున్నాం.

మన సమాఖ్యలో సాయంత్రం బండ్లు పెట్టే సభ్యులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లందరికీ మేం పన్నెండు మందిమే బల్బులు చేసి ఇవ్వలేం, ఇవ్వాలని కూడా లేదు. బాగు చేసే మనిషి వాళ్ల ఊళ్లోనే ఉండాలి. గ్రామ సంఘానికి ఇద్దరు చొప్పున వస్తే నాలుగు రోజులు నేర్పిస్తాం. ఫీజు లేదు, మధ్యాహ్నం అన్నం ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. సామాను మొదటిసారి మా ఖాతాలో నుంచి ఇస్తాం, బల్బులు అమ్ముడయ్యాక తిరిగి కడితే చాలు. సమాఖ్యను మేం అడిగేది మల్టీమీటర్లు మాత్రమే, ఊరికి ఒకటి. ఆ తీర్మానం ఈ రోజు సభలో పెట్టాలని అధ్యక్షురాలిని కోరుతున్నాం.

వచ్చేవాళ్లు మీ ఊరి మెకానిక్ షాపులో మాడిపోయిన స్కూటరు బల్బులు అడిగి తెచ్చుకోండి. ఒక్కొక్కరికి పది ఉంటే చాలు. గాజు పగలగొట్టకుండా అలాగే తీసుకురండి, అది ఎలా తీయాలో మొదటి రోజే చూపిస్తాం.